షేల్ గ్యాస్ కోసం ఫ్రాకింగ్‌కు అనుమతివ్వాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

షేల్ గ్యాస్‌కూ మామూలు సహజవాయువుకూ తేడా ఏంటి?

వాయువు ఒకటే. రెండింట్లోనూ ప్రధానంగా ఉండేది మీథేనే. తేడా అంతా అది దాగి ఉన్న రాయిలో. మామూలు గ్యాస్ క్షేత్రంలో వాయువు ఎక్కడో పుట్టి, ఇసుకరాయి లాంటి గుల్ల రాతిలోకి చేరి, పైన గట్టిపొర అడ్డుపడటంతో అక్కడ నిలిచిపోతుంది. బావి తవ్వితే దాని ఒత్తిడికి అదే పైకి తన్నుకొస్తుంది. షేల్ అంటే సన్నటి బంకమన్ను, సేంద్రియ పదార్థం పొరలుపొరలుగా పేరుకుని గట్టిపడిన రాయి. వాయువు పుట్టిందీ అందులోనే, ఇరుక్కుపోయిందీ అందులోనే. రాతిలో రంధ్రాలు ఉన్నా ఒకదాన్నుంచి ఇంకోదానికి దారి ఉండదు. ఆ దారిని బలవంతంగా తెరవడమే ఫ్రాకింగ్.

అసలు ఏం చేస్తారు? వరసగా చెప్పండి.

ముందు నిలువుగా తవ్వుతారు. సాధారణంగా 1,500 నుంచి 4,000 మీటర్ల లోతు. షేల్ పొర దగ్గరపడ్డాక బావిని మెల్లగా వంచి, పొర వెంబడే అడ్డంగా ఒకటి నుంచి మూడు కిలోమీటర్లు తీసుకెళ్తారు. తవ్వుతూ ఉండగానే దశలవారీగా ఉక్కు గొట్టాలు దించి, గొట్టానికీ రాతికీ మధ్య ఉన్న సందును సిమెంటుతో నింపుతారు. ఈ గొట్టాలనే కేసింగ్ అంటారు.

తర్వాత అడ్డబావి చివరికి చిన్న పేలుడు గుళ్లున్న గన్ దించి, కేసింగ్‌కూ సిమెంటుకూ చిల్లులు కొడతారు. ఆ చిల్లుల గుండా నీళ్లు, ఇసుక, రసాయనాలు కలిపిన ద్రవాన్ని పంపులతో తోస్తారు. బావి తల దగ్గర ఒత్తిడి 10,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాకా పోవచ్చు. రాయి పగులుతుంది. ఇసుక రేణువులు ఆ పగుళ్లలో దూరి, పంపులు ఆపాక కూడా అవి మూసుకోకుండా పట్టి ఉంచుతాయి. ఒక దశ అయ్యాక ప్లగ్ వేసి, కొన్ని పదుల మీటర్లు వెనక్కి వచ్చి, మళ్లీ అదే పని. ఒక్కో బావికి 20, 30, 40 దశలు కూడా ఉంటాయి. చివరికి ప్లగ్గులన్నీ తొలిచేసి బావి తెరిస్తే ముందు నీళ్లు, వాటి వెనకే గ్యాస్ వస్తాయి.

ఇది కొత్త పద్ధతా?

బావిలో రాయిని ద్రవంతో పగలగొట్టడం పాతదే. మొదటి ప్రయోగం 1947లో అమెరికాలోని కాన్సస్‌లో జరిగింది, 1949లో వ్యాపారంగా మొదలైంది. అయితే అవి నిలువు బావులు, తక్కువ ద్రవంతో అయ్యే పనులు. పలచటి నీళ్లతో పెద్ద ఎత్తున పగలగొట్టడం 1990ల చివర్లో టెక్సస్‌లోని బార్నెట్ షేల్‌లో కుదిరింది. దానికి అడ్డబావి తోడయ్యాకే ఇప్పుడు మనం చర్చించుకుంటున్న పరిశ్రమ పుట్టింది. కాబట్టి "డెబ్బై ఏళ్లుగా చేస్తున్నదే కదా" అనే వాదనలో బలం తక్కువ. పేరు పాతదే గానీ పరిమాణం పూర్తిగా వేరు.

నీళ్లలో ఏం కలుపుతారు? 99 శాతం నీళ్లూ ఇసుకే అంటారు, నిజమేనా?

నిజమే. రసాయనాల వాటా సాధారణంగా 0.5 నుంచి 2 శాతం. కానీ శాతాలతో సరిపెట్టుకోకుండా లీటర్లలో లెక్కేయండి. 2 కోట్ల లీటర్ల ద్రవంలో 1 శాతమంటే 2 లక్షల లీటర్లు. అదంతా ట్రక్కుల్లో వచ్చి, బావి దగ్గర ట్యాంకుల్లో నిల్వ ఉండి, గొట్టాల గుండా పోయేదే.

వాడేవి ఇవి: గొట్టంలో రాపిడి తగ్గించే పాలీఅక్రిలమైడ్, బ్యాక్టీరియాను చంపే గ్లూటరాల్డిహైడ్ లాంటి మందు, చిల్లుల దగ్గరి సిమెంటు తునకలను కరిగించే హైడ్రోక్లోరిక్ ఆమ్లం, తుప్పు పట్టకుండా ఒకటి, గొట్టాల్లో సున్నపు పెచ్చు కట్టకుండా మరొకటి. అమెరికాలో 2011 నుంచి ఫ్రాక్‌ఫోకస్ అనే జాబితాలో బావుల వారీగా ఈ వివరాలు పెడుతున్నారు. వాణిజ్య రహస్యం పేరుతో కొన్ని పేర్లు మూసిపెట్టే వెసులుబాటు మాత్రం ఉంది. మా దృష్టిలో ఇది అంగీకరించకూడని వెసులుబాటు. పాళ్లు దాచుకోవచ్చేమో గానీ పేర్లు దాచకూడదు. ఏం వెతకాలో తెలియకపోతే నీటి పరీక్ష చేసే ల్యాబ్ కూడా ఏమీ చేయలేదు.

ఒక బావికి ఎన్ని నీళ్లు పడతాయి?

పొట్టి బావులకు కోటి నుంచి 2 కోట్ల లీటర్లు. ఇప్పటి పొడవాటి అడ్డబావులకు 4 నుంచి 6 కోట్లు కూడా పడుతున్నాయి. ఒక ప్రాంతపు ఏడాది వాడకంతో పోలిస్తే ఇది చిన్నదిగా కనిపించవచ్చు. కానీ ఈ నీళ్లు కొన్ని వారాల్లోనే, ఒక్కచోటే కావాలి. నిండుగా పారే నది పక్కన అది సమస్య కాదు. ఎండాకాలంలో ఒక చిన్న వాగు నుంచి తోడితే వాగు ఆగిపోతుంది. అందుకే పర్మిట్‌లో మొత్తం నీటి లెక్కతో పాటు వాగు ప్రవాహం ఫలానా స్థాయికి పడిపోతే తోడకం ఆపాలన్న షరతు కూడా ఉండాలి.

కింద పెట్టిన పగుళ్లు పైకి పాకి తాగునీటిలో కలుస్తాయా?

లోతైన షేల్‌లో దాదాపు జరగదు. పగుళ్లు ఎంత ఎత్తు పెరుగుతాయో సూక్ష్మ ప్రకంపనల్ని విని కొలుస్తారు. వేల దశల్లో కొలిచిన లెక్కల్లో ఎక్కువ భాగం 100 మీటర్లలోపే. నమోదైనవాటిలో అత్యధికం సుమారు 588 మీటర్లు. షేల్ 2,500 మీటర్ల కింద, తాగునీరు 200 మీటర్లలోపు ఉంటే మధ్యలో కిలోమీటర్ల మందం రాయి ఉన్నట్టే.

మినహాయింపులు రెండు. ఒకటి, తక్కువ లోతు పనులు. నీటిపొరకూ గ్యాస్ పొరకూ మధ్య 600 మీటర్ల దూరం కూడా లేకపోతే అనుమతి ఇవ్వకూడదన్నది మా అభిప్రాయం. రెండోది, దగ్గర్లోని పాత బావులు. రికార్డుల్లో లేని, సరిగా మూయని పాత బావి ఉంటే ఒత్తిడికి అదే సిద్ధంగా ఉన్న దారి.

మరి నీళ్లు పాడైన ఊళ్లు ఉన్నాయి కదా?

ఉన్నాయి. పెన్సిల్వేనియాలోని డైమాక్‌లో 2009 జనవరి 1న ఒక ఇంటి నీటి బావి పేలింది. గ్యాస్ బావుల నుంచి నీటిపొరలోకి మీథేన్ చేరిందని రాష్ట్ర పర్యావరణ శాఖ తేల్చింది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2016 డిసెంబరులో ఇచ్చిన తుది నివేదిక కూడా కొన్ని పరిస్థితుల్లో ఈ పనులు తాగునీటి వనరులకు హాని చేయగలవని చెప్పింది. నీళ్లు తక్కువున్న చోట తోడటం, ఉపరితలంపై ఒలకడం, పటుత్వం లేని బావుల్లోకి పంపు చేయడం, శుద్ధి చాలని వ్యర్థజలాన్ని వదలడం, అడుగున పొర వేయని గుంటల్లో నిల్వ చేయడం లాంటివి అందులో ఉన్నాయి.

ఈ జాబితాను జాగ్రత్తగా చూస్తే, కిలోమీటర్ల లోతున జరిగేదానికంటే నేల మీద, పై కొన్ని వందల మీటర్లలో జరిగేదే ఎక్కువ. పరిశ్రమ "లోతున పగుళ్ల వల్ల నీళ్లు పాడు కాలేదు" అన్నప్పుడు చాలాసార్లు నిజమే చెబుతోంది. అయితే ఆ ఇంటి యజమానికి కావలసిన జవాబు అది కాదు. తవ్వకం, సిమెంటు, వ్యర్థజలం అన్నీ ఆ గ్యాస్ కోసమే కదా.

కుళాయి నీళ్లకు నిప్పంటుకుంటే ఫ్రాకింగే కారణమా?

చూసి చెప్పలేం. చిత్తడి నేలల్లో, బొగ్గు పొరలున్న చోట్ల నీళ్లలో మీథేన్ సహజంగానే ఉంటుంది. సూక్ష్మజీవులు తయారుచేసిన మీథేన్‌తో ఈథేన్, ప్రొపేన్ దాదాపుగా ఉండవు. లోతున వేడికి పుట్టినదాంతో అవి కలిసి వస్తాయి. కర్బన ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న కర్బన పరమాణువుల) నిష్పత్తి కూడా వేరుగా ఉంటుంది. ల్యాబ్ ఈ రెండూ చూస్తుంది. అప్పటికీ, లోతు గ్యాస్ తవ్వకానికి ముందు నుంచే పగుళ్ల గుండా వస్తోందా, తర్వాతే వచ్చిందా అన్నది పాత నమూనా లేకుండా తేలదు. చాలా కేసులు ఆగిపోయింది ఇక్కడే.

సిమెంటు ఎందుకు విఫలమవుతుంది?

కొంచెం వివరంగా చెప్పాల్సిన ప్రశ్న ఇది. గొట్టం దించాక సిమెంటు ద్రవాన్ని గొట్టం లోపలినుంచి కిందికి పంపి, అడుగు నుంచి బయటి సందులోకి పైకి ఎక్కిస్తారు. సందు వెడల్పు కొన్ని సెంటీమీటర్లే. అప్పటికే అందులో డ్రిల్లింగ్ బురద (తవ్వేటప్పుడు బావిలో తిప్పే చిక్కటి ద్రవం) నిండి ఉంటుంది. గొట్టం సరిగ్గా మధ్యలో లేకుండా ఒక పక్కకు ఒరిగితే సిమెంటు వెడల్పున్న వైపు నుంచే ఎక్కిపోతుంది, ఇరుకు వైపున బురద గీతలా మిగిలిపోతుంది. తర్వాత గ్యాస్‌కు అదే దారి. గొట్టాన్ని మధ్యలో నిలబెట్టే సెంట్రలైజర్లు తగినన్ని వేయకపోవడం, బురదను ముందుగా కడిగి తోయకపోవడం, ఖర్చు మిగులుతుందని సిమెంటును నీటిపొర పైదాకా ఎక్కించకపోవడం, ఇవీ తరచుగా కనిపించే లోపాలు.

ఇంకో సమస్య గట్టిపడే వేళ వస్తుంది. ద్రవంగా ఉన్నంతసేపు సిమెంటు బరువే గ్యాస్‌ను అణచి ఉంచుతుంది. గడ్డకట్టడం మొదలయ్యాక ఆ బరువు అడుగుకు చేరదు, పూర్తి గట్టిదనమూ ఇంకా రాదు. ఆ కొద్ది గంటల్లో గ్యాస్ దూరితే సన్నటి కాలువలు శాశ్వతంగా ఉండిపోతాయి. అన్నీ బాగా చేసినా, ఫ్రాకింగ్ దశలన్నింటా ఒత్తిడి పెరిగి తగ్గినప్పుడల్లా గొట్టం ఉబ్బి, ముడుచుకుని, సిమెంటుకూ ఉక్కుకూ మధ్య వెంట్రుక సందు ఏర్పడవచ్చు.

పరీక్షలు ఉన్నాయి. సిమెంటు తగిన బలానికి వచ్చేదాకా తవ్వకం ఆపడం, ఒత్తిడి పరీక్ష, శబ్ద తరంగాలతో పట్టు చూసే సిమెంట్ బాండ్ లాగ్. బావి నడుస్తున్నంత కాలం కేసింగ్‌ల మధ్య సందులో ఒత్తిడి గేజీ చూస్తుండాలి. అక్కడ ఒత్తిడి వదిలేసినా మళ్లీ మళ్లీ పెరుగుతోందంటే ఎక్కడో కారుతున్నట్టే.

బావిలోంచి తిరిగొచ్చే నీళ్లను ఏం చేస్తారు?

పంపించినదాంట్లో కొంత భాగమే వెనక్కి వస్తుంది. వచ్చేది లోపలి ఉప్పునీటితో కలిసి వస్తుంది. పెన్సిల్వేనియాలోని మార్సెలస్ షేల్ నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు 2,00,000 మిల్లీగ్రాములు దాటిన సందర్భాలున్నాయి. సముద్రపు నీళ్లలో ఉండేది సుమారు 35,000. బేరియం, స్ట్రాన్షియం, బ్రోమైడ్, రేడియం కూడా ఉంటాయి. మామూలు మురుగునీటి శుద్ధి కేంద్రాలు లవణాల్ని తీయలేవు. బ్రోమైడ్ నదిలో కలిస్తే, దిగువన తాగునీటికి క్లోరిన్ వేసినప్పుడు హానికరమైన సమ్మేళనాలు పుడతాయి. పెన్సిల్వేనియాలో ఇలాంటి కేంద్రాలకు ఈ నీళ్లు పంపడం మానేయమని 2011లో ప్రభుత్వం కంపెనీలను కోరాల్సి వచ్చింది.

మిగిలిన దారులు రెండు. వడగట్టి తర్వాతి బావికి మళ్లీ వాడటం, లేదా లోతైన బావుల్లోకి దించి వదిలేయడం. మొదటిది మంచిదే గానీ కొత్త బావులు తవ్వుతున్నన్నాళ్లే సాగుతుంది. రెండోదాంతో భూకంపాల సమస్య ఉంది.

ఫ్రాకింగ్ వల్ల భూకంపాలు వస్తాయా?

వస్తాయి, రెండు రకాలుగా. ఓక్లహోమాలో 2009కి ముందు 3 తీవ్రత దాటిన భూకంపాలు ఏడాదికి ఒకటో రెండో. 2015లో సుమారు 900. 2016 సెప్టెంబరు 3న పానీ దగ్గర 5.8 తీవ్రతతో వచ్చింది. అక్కడ ప్రధాన కారణం వ్యర్థజలాన్ని లోతుకు దించడం. అందులోనూ ఎక్కువ భాగం ఫ్రాకింగ్ ద్రవం కాదు, చమురుతో పాటు పైకొచ్చిన సహజమైన ఉప్పునీరు. దించడం తగ్గించాక భూకంపాలూ తగ్గాయి.

పగలగొట్టడమే కారణమైనవీ ఉన్నాయి. ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో 2011లో 2.3 తీవ్రతతో, 2019 ఆగస్టు 26న 2.9 తీవ్రతతో వచ్చాయి. ఆ ఏడాది నవంబరులో ఇంగ్లండ్ ఫ్రాకింగ్‌ను నిలిపేసింది. చైనాలోని సిచువాన్‌లో వచ్చినవి ఇంకా పెద్దవి. పెద్ద ప్రకంపనలకు ఒత్తిడిలో ఉన్న పాత భ్రంశం (నేల లోపల రాతిపొరలు విరిగి జరిగిన చోటు) దగ్గర్లో ఉండాలి. చిన్న భ్రంశాలు ముందస్తు సర్వేలో కనిపించకపోవచ్చు. అసలు ఇబ్బంది అదే.

ట్రాఫిక్ లైట్ పద్ధతి అంటే?

ప్రకంపన ఫలానా స్థాయి దాటితే పని నెమ్మదించాలి, ఇంకో స్థాయి దాటితే ఆపేయాలి. ఇంగ్లండ్‌లో పని సాగినప్పుడు ఆపే హద్దు 0.5 తీవ్రత. కెనడాలోని ఆల్బర్టాలో ఫాక్స్ క్రీక్ ప్రాంతానికి పెట్టినది 4.0. ఇంత తేడా ఎందుకంటే ఇంగ్లండ్‌లో ఇళ్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి, ఫాక్స్ క్రీక్ దగ్గర అడవి. పంపులు ఆపాక కూడా పెద్ద ప్రకంపన రావచ్చని గుర్తుంచుకోవాలి. లాంకషైర్‌లో 2.9 వచ్చింది పంపు చేయని సమయంలోనే. అందుకని హద్దును భరించగల స్థాయికి చాలా కింద పెట్టుకోవాలి.

బొగ్గు కంటే మేలే కదా?

కాల్చేచోట మేలే. అంతే కరెంటుకు గ్యాస్ విడుదల చేసే కార్బన్ డయాక్సైడ్ బొగ్గులో సుమారు సగం. మసి, గంధకం చాలా తక్కువ. చిక్కంతా కాల్చకుండా కారిపోయే మీథేన్‌తో. 20 ఏళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది, 100 ఏళ్ల లెక్కలో దాదాపు 30 రెట్లు. బావి నుంచి విద్యుత్ కేంద్రం దాకా సుమారు 3 శాతం కారితే, తక్షణ వాతావరణ లాభం పోయినట్టే. అమెరికాలో 2018లో వచ్చిన విస్తృత అధ్యయనం సగటు 2.3 శాతమని అంచనా వేసింది. ప్రభుత్వ లెక్క కంటే అది 60 శాతం ఎక్కువ.

కారేవి చాలావరకు తెలిసిన చోట్లే. మూత సరిగా పడని ట్యాంకులు, గ్యాస్ ఒత్తిడితో నడిచే వాల్వులు, మిగులు గ్యాస్‌ను కాల్చేయాల్సి ఉండగా ఆరిపోయిన మంట గొట్టాలు. కొద్ది పరికరాల నుంచే ఎక్కువ భాగం పోతుంది కాబట్టి ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో తరచూ వెతికి బాగు చేయిస్తే ఫలితం త్వరగా కనిపిస్తుంది. ఏడాదికోసారి చేసే తనిఖీ చాలదు. ఇంకోటి: కొత్త గ్యాస్ బొగ్గును తీసేసి దాని స్థానంలోకి వస్తేనే ఈ పోలికకు అర్థం. దానికి అదనంగా వస్తే కాలుష్యం పెరిగినట్టే.

పనివాళ్లకు, చుట్టుపక్కల వాళ్లకు?

పనివాళ్లకు పెద్ద ముప్పు ఇసుక ధూళి. ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, అది నయం కాదు. అమెరికాలో 11 చోట్ల తీసిన 116 గాలి నమూనాల్లో 79 శాతం సిఫారసు చేసిన హద్దును మించాయి. ఇసుకను మూసి ఉన్న పెట్టెల్లో తేవడం, బెల్టులపై కప్పు, ధూళి లాగే యంత్రాలు ముందు రావాలి. మాస్కు చివరి ఏర్పాటు. చుట్టుపక్కల వాళ్లకు ట్రక్కులు (బావికి వెయ్యికి పైగా రాకపోకలు), రాత్రీ పగలూ పంపుల మోత, డీజిల్ పొగ.

ఎన్నాళ్లు గ్యాస్ వస్తుంది?

బావి మొదటి ఏడాదిలోనే ఉత్పత్తి 60 శాతానికి పైగా పడిపోవడం మామూలు. అదే స్థాయి నిలబెట్టాలంటే తవ్వుతూనే ఉండాలి. "ఫలానా చోట ఇంత గ్యాస్ ఉంది" అనే అంచనాల్నీ నమ్మి కూర్చోవద్దు. పోలండ్‌కు 2011లో 5.3 లక్షల కోట్ల ఘనపు మీటర్లని అన్నారు. మరుసటి ఏడాది ఆ దేశ భూగర్భ సంస్థ దాన్ని 34,600 కోట్ల నుంచి 76,800 కోట్లకు తగ్గించింది. కంపెనీలు ఒక్కొక్కటిగా వెళ్లిపోయాయి.

ఎక్కడ నిషేధం ఉంది?

ఫ్రాన్స్ 2011లో, బల్గేరియా 2012లో నిషేధించాయి. అమెరికాలో వెర్మాంట్ (2012), మేరీలాండ్ (2017), న్యూయార్క్ (2014లో నిర్ణయం, 2020లో చట్టం). ఆస్ట్రేలియాలో విక్టోరియా (2017). అమెరికాలోని మిగతా చాలా రాష్ట్రాలు, కెనడా, చైనా, అర్జెంటీనా తవ్వుతున్నాయి.

అయితే అనుమతివ్వాలా, వద్దా?

మా జవాబు: తనిఖీ చేసే వాళ్లు లేనిచోట వద్దు. సిమెంటు పోసే రోజున ఇన్‌స్పెక్టర్ బావి దగ్గర ఉండగలడా, గేజీ రీడింగులు కంపెనీ కంప్యూటర్ దాటి బయటికి వస్తాయా, హద్దు దాటిన రోజున పని ఆపించే అధికారం ఎవరికైనా ఉందా అన్నవి ముందు చూడండి. ఇవి లేకుండా కాగితం మీద ఎంత మంచి నియమాలున్నా లాభం లేదు. ఇవి ఉండి, షేల్ లోతుగా ఉండి, నీళ్లు పుష్కలంగా ఉండి, వచ్చే గ్యాస్ బొగ్గును తప్పిస్తుంటే పరిమితంగా అనుమతించడానికి వాదన నిలుస్తుంది. జనసాంద్రత ఎక్కువున్న చోట, భ్రంశాలు సరిగా గుర్తించని చోట ఇవన్నీ ఉన్నా మేం వద్దనే చెబుతాం.

దగ్గర్లో తవ్వబోతున్నారు. మా బోరు నీళ్లకు ముందుగా ఏ పరీక్షలు చేయించాలి?

మీథేన్, ఈథేన్, క్లోరైడ్, బ్రోమైడ్, బేరియం, స్ట్రాన్షియం, మొత్తం కరిగిన లవణాలు, బెంజీన్ వర్గం, రేడియం. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి, రెండూ తవ్వకం మొదలయ్యే లోపే. గుర్తింపు పొందిన ల్యాబ్ మనిషే వచ్చి నమూనా తీయాలి. మీరు తీసిచ్చింది వివాదంలో నిలబడదు.

మీథేన్ నమూనా తీసే పద్ధతి గమనించండి. ఫిల్టరు, ట్యాంకు కంటే ముందున్న కుళాయి నుంచే తీయాలి. గొట్టంలో నిలవున్న నీళ్లు పోయేదాకా వదిలి, సన్న పైపును సీసా అడుగుదాకా పెట్టి నింపి, బకెట్ నీళ్లలో ముంచి ఉండగానే మూత బిగించాలి. సీసాలో బుడగ కనిపిస్తే పారబోసి మళ్లీ నింపాలి. వెంటనే ఐసులో పెట్టాలి. లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటితే గమనిస్తూ ఉండాలి, 28 దాటితే వెంటనే బావి గదికి గాలి ఆడేలా చేసి, నిప్పు దగ్గరికి రానీయకూడదు.

పెన్సిల్వేనియా 2012 చట్టం ప్రకారం గ్యాస్ బావికి 2,500 అడుగుల లోపు, పని ముగిసిన 12 నెలల్లోపు నీళ్లు పాడైతే కంపెనీదే తప్పని ముందే అనుకుంటారు. కాదని కంపెనీ నిరూపించుకోవాలి. అలాంటి నియమం ఉంటే ముందస్తు పరీక్షలకు కంపెనీలే డబ్బు పెడతాయి.

గ్యాస్ అయిపోయాక బావి ఎవరి బాధ్యత?

లోపలి పరికరాలు తీసి, గ్యాస్ పొర పైన, నీటిపొర అడుగున, ఉపరితలం దగ్గర సిమెంటు ప్లగ్గులు వేసి, ఒత్తిడి పరీక్ష చేసి, గొట్టం తల కోసి మూయాలి. దీనికి ముందే బాండు (కంపెనీ మూయకపోతే వాడుకునే హామీ సొమ్ము) రూపంలో డబ్బు కట్టించుకోవాలి. బాండు చాలకపోతే కంపెనీ దివాలా తీయడం చవక అవుతుంది. అమెరికాలో యజమాని లేని పాత చమురు, గ్యాస్ బావుల్ని మూయడానికి 2021లో ప్రజల సొమ్ము 470 కోట్ల డాలర్లు కేటాయించాల్సి వచ్చింది. ఒక కంపెనీకి ఎన్ని బావులున్నా కలిపి ఒకే బాండు అనే పద్ధతి పనికిరాదు. ప్రతి బావికీ దాని లోతుకు తగ్గట్టు, మూసే అసలు ఖర్చు మేరకు కట్టించుకోవాలి. బావిని చిన్న కంపెనీకి అమ్మేసినా పాత యజమాని బాధ్యత తొలగిపోదని ఒప్పందంలోనే రాయించాలి.